వోల్టేజి కదిలిన నేరం

కాంతి ఎంత వేగంగా పోయినా పర్వాలేదు, నిలకడగా మాత్రం ఉండాలని పరిశోధనా సంస్థ తీర్మానించింది. (కాంతి సమావేశానికి రాలేదు. తీర్మానం ఏకగ్రీవం.)

విషయం కింది అంతస్తు ప్రయోగశాలలోని లేజరుది. దాని ఫ్రీక్వెన్సీ, అంటే ఆ కాంతి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, ఊరికే జారిపోతుంది. గది వేడెక్కితే జారుతుంది. పక్కన లిఫ్టు కదిలి అయస్కాంత క్షేత్రం మారినా జారుతుంది. దానికిచ్చే వోల్టేజి మారినా జారుతుంది. గంటసేపు దాన్ని ఒకచోట నిలబెడితే దానిమీద పనిచేస్తున్న పరిశోధకురాలికి చివరి కొలత దొరుకుతుంది. దొరక్కపోతే నెలాఖరుకి గడువు తీరి, డాక్టరేటు పట్టా లేకుండానే ఇంటికి.

సంస్థ ముగ్గురు అధికారులను వేసింది. ఉష్ణోగ్రతకు ఒకరు, వోల్టేజికి ఒకరు, అయస్కాంత క్షేత్రానికి ఒకరు. తిప్పి హెచ్చుతగ్గులు చేసే నాబ్ ఎవరిది వారిదే. నాబ్ కదలకపోతే అధికారి పనితీరు బాగున్నట్టు. (ఫ్రీక్వెన్సీకి అధికారి లేరు. ఆ పోస్టు మంజూరు కాలేదు.)

ఉష్ణోగ్రత అధికారి గదిలోకి ఒక్కరికి మించి రావద్దన్నారు. మనుషులు వేడిగా ఉంటారని ఆయన పరిశీలన. అయస్కాంత అధికారి లిఫ్టు ఆపించారు. దాంతో డైరెక్టరు గారు పై అంతస్తు దిగడం మానేశారు. పాలన కూడా స్థిరపడింది.

లేజర్ జారుతూనే ఉంది.

“సార్, అది ఎటు జారితే దానికి ఎదురుగా వోల్టేజి కాస్త కాస్త మారుస్తూ ఉండాలి,” అంది పరిశోధకురాలు, గుమ్మం బయట నిలబడి.

“నిలకడ కావాలంటావు, మార్చమంటావు. ఏదో ఒకటి చెప్పు తల్లీ,” అన్నారు వోల్టేజి అధికారి.

“బస్సులో నిలబడ్డవాడు పడకుండా ఉండాలంటే కాళ్లు సర్దుకోవద్దా సార్?”

“మా వోల్టేజి బస్సెక్కదమ్మా. కుక్కిన పేనులా పడుంటుంది. గ్రాఫు చూడు, గీత గీసినట్టు లేదూ?”

“మీ గీత బాగానే ఉంది. నా ఫ్రీక్వెన్సీ గీతే పాములా పాకుతోంది.”

“అది మా విభాగం కాదు.”

ఆయన టీకి వెళ్లారు. ఆమె లోపలికెళ్లి వోల్టేజి నాబ్ పట్టుకుంది. జారుడుకు ఎదురు తిప్పుతూ కూర్చుంది. లేజర్ మేకు కొట్టినట్టు నిలబడింది. కొలత వచ్చింది. (అధికారి టీకి సరిగ్గా గంట పడుతుంది. సంస్థలో నమ్మదగిన గడియారం అదొక్కటే.)

మర్నాడు విచారణ కమిటీ కూర్చుంది. డైరెక్టరు గారు ఫోన్లో పాల్గొన్నారు.

“ఫ్రీక్వెన్సీ నిలబడిందా?”

“నిలబడింది సార్,” అన్నారు వోల్టేజి అధికారి.

“మరి గొడవేంటయ్యా?”

“వోల్టేజి గీత వంకరపోయింది సార్. నా సర్వీసులో ఇదే మొదటిసారి.” ఆయన వంకర గీతను ఫోనుకు చూపించారు.

“అయ్యయ్యో,” అన్నారు డైరెక్టరు గారు.

ఫ్రీక్వెన్సీ కదలలేదు కనుక అందులో విచారించడానికి ఏమీ లేదని కమిటీ తేల్చింది. వోల్టేజి అస్థిరంగా ఉండగా తీసిన కొలత చెల్లదని కొట్టేసింది.

“మరి నా పట్టా సార్?”

“నాబ్ ముట్టుకోకుండా మళ్లీ కొలుచుకోమ్మా. మేమేమన్నా వద్దన్నామా?” అంది కమిటీ.

నాబ్‌కు సీలు వేశారు. నెలాఖరున ఆమె బల్ల ఖాళీ చేసింది. ముగ్గురు అధికారులకూ స్థిరత్వ పురస్కారాలు అందాయి. లేజర్ ఇప్పుడు నిబంధనల ప్రకారం జారుతోంది.