సర్వరు దిగని దాలయ్య

రెండువేల ఆరో సంవత్సరం శ్రావణమాసంలో ఒక గురువారం ఉదయం, పలాసలోని సోమేశ్వరరావు గారి జీడిపప్పు సంస్థకు ఇన్‌ఛార్జి మేనేజరైన అప్పలనరసింహం రెండు మహత్కార్యాలు సంకల్పించి ఇల్లు వెడలినాడు. మొదటిది, పదకొండింటికి యజమాని విచ్చేయగానే కొత్త సర్వరు మహిమను ప్రదర్శించడం. రెండవది, ఆ మహిమ వల్ల తన హోదాకు ముందున్న 'ఇన్‌ఛార్జి' అనే మాటను రాల్చుకోవడం. చెప్పులో దిగిన ముల్లువలె ఆ మాట ఆయనను ఏడేళ్ళుగా బాధిస్తున్నది. అసలు మేనేజరెవరో ఆ రోజే తేల్చేస్తానని యజమాని కబురంపి ఉన్నారు.

ఆ సర్వరు అప్పలనరసింహం మానసపుత్రిక. సంస్థ ఫైళ్ళన్నీ దాని కడుపులోనే ఉంటాయి. పలాస గుమాస్తాలూ టెక్కలి గోదాము వారూ తమ తమ తెరల మీదినుంచి దానిలోకే ప్రవేశించి పనిచేస్తారు. దానిని అమ్మిన శశిధర్ అప్పట్లోనే వారించాడు.

"మనుషులు పనిచేసే యంత్రం వేరు, ఫైళ్ళు దాచే యంత్రం వేరు ఉండాలి సార్. రెండూ ఒకదాని నెత్తినే పెడితే, ఒకటి చిక్కుపడితే రెండోది కూడా చిక్కుపడుతుంది."

"మా ఇంట్లో వంటా పడకా ఒక్క గదిలోనే బాబూ. ముప్పై ఏళ్ళయింది. ఏటయింది?" అన్నాడు అప్పలనరసింహం.

ఈ వాదానికి కంప్యూటరు శాస్త్రంలో సమాధానం లేదు. శశిధర్ నిట్టూర్చి, యంత్రం ఆయాసపడకుండా ఒకేసారి అయిదుగురికి మాత్రమే ప్రవేశం ఏర్పరచి, పని కాగానే లాగాఫ్ చేసి దిగిపోయి తీరాలని బోధించి నిష్క్రమించాడు. ఆ బోధ అప్పలనరసింహం ఒక్కడికే ఎక్కింది. "ఇంటి నుంచైనా, పెళ్ళి పందిరి నుంచైనా సరే, ఇందులోకి ఎక్కి పని చేయవచ్చునండి" అని యజమానికి మాత్రం ఆయన పదేపదే విన్నవించాడు.

తీరా ఆ ఉదయం ఆయన ప్రవేశించబోగా తెర మర్యాదగా నిరాకరించింది. లోపల అయిదుగురూ నిండి ఉన్నారట. కార్యాలయంలో చూస్తే బిల్లుల గుమాస్తా దేవి ఒక్కతే ఉంది. ఆమె కూడా ఇంకా సంచీ దింపలేదు.

"లోపలెవరమ్మా?"

"నేనున్నాను సార్. నిన్నటి నుంచి దిగలేదు."

"ఇంటికెళ్ళలేదా?"

"వెళ్ళాను సార్. తెర మీది కిటికీ మూసేసి వెళ్ళిపోయాను. లాగాఫ్ చేస్తే పొద్దున్నే సీటు దొరకదు కదా. నలుగురూ అదే చేస్తుంటే నేనొక్కదాన్నే పిచ్చిదాన్నా?"

బస్సు ఆర్టీసీ కాంప్లెక్సులోకి మళ్ళకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడం ఈ ప్రాంతవాసులకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆ విద్య సర్వరు మీదికి కూడా ప్రాకినదని, అయిదు ఆసనాలలోనూ మనుషులు గాక తువ్వాళ్ళే కూర్చున్నాయని అప్పలనరసింహం గ్రహించి, టెక్కలి గోదాములోని సూర్యప్రకాష్‌కు ఫోను చేశాడు.

"బావా, నువ్వు కాసేపు దిగు."

"దిగి? టెక్కలి నుంచి నిలబడి రమ్మంటావేటి? సీటు దొరికినోడు మధ్యలో దిగడం ఎక్కడైనా సూసావా?"

"నేను మేనేజర్ని!"

"ఇన్‌ఛార్జివి బావా," అని సూర్యప్రకాష్ ఫోను పెట్టేశాడు.

అప్పలనరసింహం సర్వరు గదిలోకి నడిచాడు. యంత్రం ఎదుట స్వయంగా కూర్చున్నవాడికి సీట్ల లెక్క వర్తించదు. తీరా స్టాకు ఫైలు తెరవగా, అది దాలయ్య చేతిలో ఉన్నదనీ, ఇతరులు చూడవచ్చునే గాని దిద్దరాదనీ తేలింది. అందువల్లనే కాబోలు, ఎవరికి వారు ఒక్కొక్క ప్రతి తీసి పెట్టుకున్నారు. 'స్టాకు అసలుది', 'స్టాకు ఇదే అసలుది', 'స్టాకు దేవిది ముట్టకండి'. ఏ రెండింటిలోనూ జీడిపప్పు డబ్బాల సంఖ్య ఒకటి కాదు.

సరుకు పంపే గుమాస్తా దాలయ్య సోమవారం మధ్యాహ్నమే మేనల్లుడి పెళ్ళికి జలంత్రకోట వెళ్ళాడు. అప్పలనరసింహం అతని సెల్లుకు ఫోను చేశాడు.

"దాలయ్యా, సర్వరులోంచి దిగు!"

"ఏటి బాబూ? సన్నాయి మోగతంది, ఇనబడ్నేదు."

"నువ్వింకా లోపలే ఉన్నావు!"

"నానా? నాను పందిట్లో ఉన్నాను బాబూ. పప్పు వడ్డిత్తన్నాను."

"నీ శరీరం పందిట్లో ఉంది. నీ పేరు పలాసలో ఉంది. స్టాకు ఫైలు నీ గుప్పిట్లో ఉంది. సోమవారం రాసిందంతా సేవ్ చేశావా?"

"సేవెందుకు బాబూ? మూసినోడు కదా దాసుకోవాల. నానెప్పుడూ మూయనేదు."

బలవంతంగా దింపితే సోమవారం నాటి లెక్క గంగలో కలుస్తుంది. దింపకపోతే యజమానికి చూపడానికి ఏ స్టాకూ నిజం కాదు. లోపలున్నవారి పేర్ల పట్టీని తెర మీదికి తెచ్చి, దాలయ్య పేరు మీద బాణం నిలిపి, అప్పలనరసింహం ధర్మసంకటంలో మునిగి ఉండగా వెనుక చెప్పుల చప్పుడైంది.

"ఇదేటి, ఈ పేర్లు?" అన్నారు సోమేశ్వరరావు గారు.

"లోపల ఉన్నవాళ్ళండి."

"పక్కన తేదీలో?"

"ఎప్పుడెక్కారో ఆ తేదీలండి."

యజమాని కళ్ళజోడు సవరించుకున్నారు. "దేవి నిన్న ఎక్కింది, ఇంకా దిగనేదు. సూర్యప్రకాషు మంగళారం. దాలయ్య..." ఆయన తెర మీదికి వంగారు. "సోమారం! ఈడు ఇంటికెల్లనేదా?"

"ఇంటికి... వెళ్ళలేదండి."

"తిండో?"

"బయటేనండి."

"పిలు ఆడ్ని!"

"జలంత్రకోటలో, పెళ్ళిలో ఉన్నాడండి."

"పెళ్ళి పందిరి నుంచి కూడా ఎక్కొచ్చని నువ్వే సెప్పావు గాని, సేసే మడిసి ఉంటాడనుకోలేదయ్యా!" అని యజమాని కండువాతో కళ్ళొత్తుకున్నారు. తరువాత ఆయన చూపు పట్టీ అడుగున ఉన్న చివరి పేరు మీద నిలిచింది. "అప్పలనర్సిమ్మం. ఇయ్యాలే ఎక్కావా?"

"రోజూ సాయంత్రం దిగిపోతానండి. అదే పద్ధతి."

"ఎవడు సెప్పాడా పద్ధతి?"

"సర్వరు అమ్మినాయనండి."

"అమ్మినోడి మాట పట్టుకుని, కొన్నోడి పని ఒగ్గేసి పోతావేటి?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే దాలయ్యతోబాటు సర్వరు పరువు కూడా పోతుంది. ఆ సర్వరును ఎవరు కొనిపించారన్న ప్రశ్న తరువాత వస్తుంది. అప్పలనరసింహం ఆ నిజాన్ని గౌరవప్రదంగా మింగివేశాడు. సోమేశ్వరరావు గారు అక్కడికక్కడే జలంత్రకోటకు ఫోను చేసి, దాలయ్యను మేనేజరుగా నియమించారు.

"ఇప్పుడా బాబూ?" అన్నాడు దాలయ్య. "సేతిలో పప్పు గరిటుంది."

"సూసావా? ఒక్క సేత్తో రెండు పనులు," అన్నారు యజమాని, అప్పలనరసింహం వైపు తిరిగి. "నువ్వూ దిగకుండా ఉండడం నేర్సుకో."

ఆ సాయంత్రం అయిదింటికి అప్పలనరసింహం తెర మీది కిటికీని మాత్రం మెల్లగా మూసి, గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళాడు. సర్వరు లెక్క ప్రకారం ఆయన ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాడు.