తెనాలి పంటి నొప్పి

ప్రతి నెలా రెండో మంగళవారం పొద్దున్నే రేపల్లెలో రైలెక్కడం, తెనాలి సర్కారు ఆస్పత్రిలో బిళ్ళలు తీసుకోవడం, అన్నం వేళకు తిరిగొచ్చి రైసుమిల్లులో కాటా దగ్గర నిలబడడం. మూడేళ్ళుగా కోటయ్య ఏర్పాటు ఇదే. ఆ బిళ్ళలు భయానికి. భయం తగ్గే మందు కోసం ఇంత భయపడుతూ వెళ్ళే మనిషి ఆ రైల్లో మరొకడు ఉండడని అతని నమ్మకం.

అడిగినవాళ్ళకు పంటి నొప్పి అని చెప్పేవాడు. నెలకో పన్ను చొప్పున చూసుకుంటే ఈపాటికి నోట్లో ఒక్కటీ మిగలకూడదు. అయినా తప్పదు. అతనికి ముందు కాటా చూసిన మనిషి పిచ్చాసుపత్రికి వెళ్ళొచ్చాడని తెలిసిన మర్నాడే, యజమాని వెంకటప్పయ్యగారు ఇంటికి పంపేశారు.

ఆ మంగళవారం రైలెక్కి కూర్చోబోతే ఎదురుగా వెంకటప్పయ్యగారే ఉన్నారు. కోటయ్యను చూడగానే గబుక్కున దవడ పట్టుకున్నారు.

"నాక్కూడా పన్నేనయ్యా. నీ డాక్టరు దగ్గరికే పోదాం."

కోటయ్యకు డాక్టరంటూ ఉంటే కదా. తెనాలిలో దిగి, పళ్ళ బొమ్మ కనిపించిన మొదటి మెట్లే ఎక్కించాడు. ముందు నువ్వు చూపించుకో, నాకు ధైర్యంగా ఉంటుంది అంటూ ఆయన కుర్చీ పక్కనే నిలబడ్డారు. ఏ పన్ను అని డాక్టరు అడిగితే కోటయ్య వేలికి తగిలిన దవడపన్ను చూపించాడు. అది రాయిలా ఉందని డాక్టరు రెండుసార్లు చెప్పినా, లోపలెక్కడో సలుపుతోందని బతిమాలి పీకించుకున్నాడు. తర్వాత వెంకటప్పయ్యగారి పన్ను చూసి కూడా డాక్టరు అదే మాట అన్నాడు. ఆయనా బతిమాలారు. అదేమిటని ఆలోచించే ఓపిక అప్పుడు కోటయ్యకు లేదు.

దూది కరుచుకుని బయటికి రాగానే, చుట్టాలింటికి వెళ్ళొస్తానని యజమాని సైగ చేశారు. కోటయ్య సందులు మారుతూ, వెనక్కి చూసుకుంటూ ఆస్పత్రికి చేరాడు. బిళ్ళల కిటికీ మూసి ఉంది. గుంటూరు నుంచి అధికారి వచ్చాడట. మనోవ్యాధుల వైద్యం విషయంలో ఇకమీదట ప్రభుత్వం ఏం చేసినా జనాన్ని అడిగే చేస్తుందట. అడగడం అయ్యాకే బిళ్ళలట. కోటయ్య కూడా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

"వచ్చే నెల నుంచి రేపల్లె వాళ్ళకి రేపల్లెలోనే ఇస్తాం. అభ్యంతరం ఉంటే చెప్పండి" అన్నాడు అధికారి.

రేపల్లె ఆస్పత్రి మిల్లుకు ఎదురుగానే. వరండాలో నిలబడితే కోటయ్య కాటా దగ్గర్నుంచి చొక్కా గుండీలతో సహా కనిపిస్తాడు. చెయ్యెత్తి లేచాడు. నోరు తెరిస్తే మాట రాలేదు, నెత్తురు దూది కనిపించింది. ఇంతలో వెనక బెంచీలో మరో చెయ్యి లేచింది. తిరిగి చూస్తే వెంకటప్పయ్యగారు.

నా వెనకాలే వచ్చేశారు, పని పోయింది అనుకున్నాడు.

"వెంకటప్పయ్య బాబాయిగారూ, కూర్చోండి" అంది నర్సు వసుంధర. "మీటింగని గురువారం వాళ్ళనీ ఇవాళే రమ్మన్నాం. మీ బిళ్ళలు తీసిపెట్టానండి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి నోళ్ళలోనూ దూదే. సంతోషంతో రేపల్లెవారికి మాట పెగల్లేదని అధికారి రాసుకుని, చెయ్యెత్తినందుకు ఇద్దర్నీ ప్రజల తరఫున కమిటీలో వేశాడు.

తిరుగు రైల్లో భట్టిప్రోలు దాటాక గానీ వెంకటప్పయ్యగారు దూది తియ్యలేదు.

"ఎన్నాళ్ళనుంచయ్యా?"

"మూడేళ్ళండి. తమరు?"

"ఐదు. ఆ కాటా మనిషిని పంపేసే నాటికే రెండేళ్ళు." ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "మిల్లులో ఏం చెబుదాం?"

"పన్నేనండి."

మరుసటి నెల రేపల్లె ఆస్పత్రి వరండాలో బిళ్ళల కోసం వరుసకట్టిన పదకొండు మందీ దవడలు పట్టుకునే నిలబడ్డారు.