జాంబియా పెట్టె, పంకజాక్షి పొత్రం

నేరానికీ నేరస్తుడికీ మధ్య నిలబడిన ఉక్కుగోడ ఒకటుంది, దాని పేరు కుప్పుస్వామి. ప్రపంచానికి ఈ సంగతి ఇంకా తెలియలేదంటే ఆ తప్పు ప్రపంచానిది. ఆ ఉక్కుగోడ రేణిగుంట రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా మామిడి బుట్టలకు చీటీలు అంటించుకుంటూ బతకడం మాత్రం విధి ఆడిన నాటకం.

"నా కంట్లో పడి తప్పించుకున్న నేరస్తుడు ఇంకా పుట్టలేదప్పా" అనేవాడు కుప్పుస్వామి, టీకొట్టు దగ్గర ఎవరు దొరికితే వాళ్లతో. అది అక్షరాలా నిజం. అతని కంట్లో ఇంతవరకూ ఏ నేరస్తుడూ పడలేదు. తప్పిపోయిన గొడుగు కేసులో గొడుగు అతని చంకలోనే దొరికింది. మాయమైన ఆవు కేసులో అతను గిట్టల జాడలు భూతద్దంతో చూసుకుంటూ వడమాలపేట దాకా పోయిన రోజే, ఆవు పాలు పితికే వేళకు తనంతట తానే ఇంటికి వచ్చేసింది.

ఇన్ని విజయాలు సాధించినవాణ్ణి బంధువులు దేనికి పిలిచేవాళ్లంటే, సామాన్ల పెట్టెలు కట్టడానికి. కుప్పుస్వామి వేసిన ముడి రైలు బోల్తా పడినా ఊడదని పేరు. ఆ పేరు వింటేనే అతనికి ఒళ్లు మండేది.

ఎనభై రెండో సంవత్సరం మే నెలలో చెల్లెలు పంకజాక్షి కబురు పెట్టిందీ అందుకే. ఆమె మొగుడు మునికృష్ణ తిరుపతిలో హైస్కూలు సైన్సు మాస్టరు. అతనికి ఆఫ్రికాలో, జాంబియా దేశంలో మాస్టరు ఉద్యోగం వచ్చింది. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు కూడా. మొగుడూ పెళ్లాలు విమానంలో పోతారు, సామాను మద్రాసు హార్బరు నుంచి ఓడలో పోతుంది. అయితే జాంబియావాళ్లు తమ ఖర్చుతో ఓడ ఎక్కించుకునేది ఒకే ఒక్క చెక్కపెట్టె.

ఆ ఒక్క పెట్టె దగ్గర వారాల తరబడి యుద్ధం జరిగింది. పంకజాక్షి ఇనప పెనం పెడితే మునికృష్ణ తీసేవాడు. మునికృష్ణ బైండు చేయించుకున్న సైన్సు పత్రికలు పెడితే, పంకజాక్షి వాటిని తీసి ఊరగాయ జాడీ పెట్టేది. టేబుల్ ఫ్యాను లోపలికీ బయటికీ తిరిగి తిరిగి దాని రెక్క వంకరపోయింది. అన్నిటికంటే పెద్ద తగాదా రుబ్బురోలు గురించి.

"జాంబియాకు రోలు మోసుకపోయినోళ్లని నేను యాడా సూడలేదు. ఆడ మిక్సీ కొనుక్కుందాం" అనేవాడు మునికృష్ణ.

"మిక్సీలో ఏసింది పిండి కాదు, గోడకు పూసే సున్నం" అనేది పంకజాక్షి.

చివరికి ఆమే గెలిచింది. రోలూ దాని పొత్రమూ పెట్టె అడుగున కూర్చున్నాయి. సైన్సు పత్రికలు అటకెక్కాయి.

కుప్పుస్వామి తాళ్లు భుజాన వేసుకుని వచ్చేసరికి పంకజాక్షి పెట్టె ముందు తల పట్టుకుని కూర్చుని ఉంది. పెట్టెలో రోలు ఉంది. పొత్రం లేదు.

"అన్నా, నా గుండు పోయింది" అంది. ఆ వైపు పొత్రాన్ని గుండు అనే అంటారు.

తిరుపతిలో నిలబడి గుండు పోయిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది, దినానికి వేల గుండ్లు తయారయ్యే ఊరది. కుప్పుస్వామి నవ్వలేదు. తాళ్లు మూలకు విసిరేసి జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఎవురూ దేన్నీ ముట్టుకోవద్దండి" అన్నాడు, పెట్టె అంతా తడిమి చూస్తూ.

"నువ్వు ఏమన్నా సెయ్యి, దాన్ని ఎతికిపెట్టు సాలు" అంది పంకజాక్షి. "అది లేకుండా నేను యాడికీ పోను. ఆడ నాకు బాస రాదు. పలకరిస్తే పలికే మనిషి ఒకరుండరు. పెండ్లయినప్పట్నించి నా చెయ్యి ఎరిగింది అదొక్కటే. ఆయన పోతే ఒక్కడే పోనీ."

పక్కనే నడుం పట్టుకుని నిలబడిన మునికృష్ణ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నడుముకేమైంది బావా?" అన్నాడు కుప్పుస్వామి.

"ఏం లేదు బావా, పట్టేసింది."

"ఎప్పట్నించి?"

"తెల్లారుజాము నించి."

కుప్పుస్వామికి అంతా కళ్లకు కట్టినట్టు కనిపించింది. దుండగులు తెల్లవారుజామున వచ్చారు. అడ్డుపడిన బావను వెనకనుంచి కొట్టారు. ఆ దెబ్బకు బావ, తనను కొట్టిన సంగతే మరిచిపోయాడు. పాపం అనుకుని బావ నడుముకు నొప్పితైలం రాయించి మంచమెక్కించాడు.

"పంకజా, ఇది మామూలు దొంగతనం కాదు. దీని ఎనకాల విదేశీ హస్తం ఉండాది."

"రుబ్బే గుండు కోసరం విదేశాల నించి వస్తారా అన్నా?"

"శ్రీహరికోట ఎంత దూరం మనకు? రాకెట్టు మూతి ఎట్లుంటాది? అడుగున లావు, పైకి పోయేకొద్దీ సన్నం. నీ గుండు ఎట్లుంటాది?"

పంకజాక్షి ఆలోచించింది. "అట్లే ఉంటాది" అని ఒప్పుకోక తప్పలేదు.

"అదీ సంగతి. రాకెట్టు నమూనా అనుకోని ఎత్తుకపోయినారు."

అంతకు ముందు రాత్రే గంగమ్మ జాతరకు చాటింపు వేశారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటిపోరు, అది కట్టుబాటు. పెట్టె కోసం మద్రాసు లారీ వచ్చేది కూడా జాతర అయిన మర్నాడే. కుప్పుస్వామి ఇదంతా కూడి, తీసివేసి, ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎంత గూఢచారి అయినా గంగమ్మ చాటింపును దాటే ధైర్యం చెయ్యడు. కాబట్టి దొంగ ఊళ్లోనే ఉన్నాడు. వెంటనే ఆఫీసుకు సెలవు పెట్టేశాడు.

డిటెక్టివ్ అన్నాక మారువేషం వెయ్యాలి. అయితే జాతర వారంలో తిరుపతిలో మారువేషం వేస్తే ఒక చిక్కుంది, ఊళ్లో సగంమంది వేషాల్లోనే ఉంటారు. మొక్కుకున్నవాళ్లు ఒకరోజు తెల్లటి నాముసుద్ద పూసుకుని బైరాగులవుతారు, ఒకరోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని బండ వేషం కడతారు, ఇంకొకరోజు బొగ్గు పూసుకుని తోటి వేషం కడతారు. మొదటిరోజు కుప్పుస్వామి కూడా బైరాగి అయి, అనుమానాస్పదంగా కనిపించిన మరో బైరాగి వెంట పొద్దుటినుంచీ పడ్డాడు. మధ్యాహ్నానికి ఆ బైరాగి వెనక్కి తిరిగి, "ఇంత దూరం వస్తివి గదా కుప్పుసామీ, పనిలో పని బాడుగ గూడా ఇచ్చిపో" అన్నాడు. అతను ఇంటి ఓనరు.

మర్నాడు బండ వేషం. ఒళ్లంతా ఎర్రగా పూసుకుని, పంకజాక్షి వాళ్ల వీధి మలుపులో వేపచెట్టు దగ్గర యశోదమ్మను పట్టుకున్నాడు. ఆ వీధి ఆడవాళ్లకు ఆమె మాటే శాసనం. చెట్టు కింద పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వెండి కళ్లు అతికించి, వేపాకు దండ వేసిన రాయి ఒకటుంది. యశోదమ్మ దానికి అంబలి పోస్తోంది.

"యశోదక్కా, దయచేసి నేనడిగే నాలుగు ప్రశ్నలకు జవాబు సెప్పాల" అన్నాడు కుప్పుస్వామి.

యశోదమ్మ అదిరిపడింది. "బండ వేషం కట్టి దయచేసి అంటావేందప్పా? ఈ వేషానికి తిట్టాల. తిట్టకపోతే అమ్మకు అపచారం."

కుప్పుస్వామి రైల్వే మనిషి, పోర్టర్లను కూడా అండీ అని పిలిచే రకం. చాలాసేపు తంటాలు పడి, "అక్కా, నువ్వొక ఎనుము" అన్నాడు.

"ఇదా తిట్టు? మా ఇంట్లో నన్ను ముద్దుగా పిలిచేదే దీనికన్నా గట్టిగా ఉంటాది. సరేలే, అడుగు."

"మా పంకజ గుండు పోయింది. నల్లంగా, నున్నంగా, ఇంత ఎత్తు ఉంటాది. ఈ వీధిలో యాడన్నా సూసినావా?"

"ల్యా. మాకు ఈ అమ్మ సేవకే పొద్దు సాల్లేదు. చాటింపు పడిన తెల్లారే ఈడ వెలసింది తల్లి. నల్లంగా, నున్నంగా, ఇంతే ఎత్తు."

"భక్తి మాటలు తర్వాతక్కా. కేసు సంగతి మాట్లాడు" అన్నాడు కుప్పుస్వామి విసుగ్గా. సామాన్యులతో ఇదే బాధ, అసలు విషయం వదిలి ఎక్కడెక్కడికో పోతారు. అయినా ఎందుకైనా మంచిదని, కేసు తేలితే కోడిని కోస్తానని అమ్మకు మొక్కుకుని, ఆ రాతి మీదే టెంకాయ కొట్టాడు. ఒక్క దెబ్బకు పగిలింది. మంచి రాయి అని మనసులో మెచ్చుకున్నాడు.

ఆ వారంలో అతన్ని ఆశ్చర్యపరిచింది మాత్రం బావ. మునికృష్ణ ఏ దేవుడికీ చెయ్యెత్తి ఎరగడు. అలాంటివాడు పొద్దునా సాయంత్రం వేపచెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఒకసారి అటూ ఇటూ చూసి అమ్మను రెండు చేతులా వాటేసుకున్నాడు కూడా. ఇంతలో యశోదమ్మ అంబలి కుండతో వచ్చేసరికి అక్కడే సాష్టాంగపడ్డాడు.

"దెబ్బ తగిలినాక బావకు భక్తి కుదిరింది పంకజా" అన్నాడు కుప్పుస్వామి.

పంకజాక్షి వినిపించుకోలేదు. పెట్టెలోంచి తన చీరలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంటోంది. పోట్లాడితే మునికృష్ణకు ధైర్యంగా ఉండేది. ఆమె పోట్లాట మానేసింది. చేస్తున్న ఉద్యోగం వదులుకున్నాడు, భార్య రానంటోంది, నోరు విప్పితే వీధి ఆడవాళ్లు ఊరుకోరు. అతను అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టినట్టు కెలికి లేచిపోతున్నాడు.

జాతర చివరి రోజు వచ్చింది. కుప్పుస్వామి ఒళ్లంతా బొగ్గు పూసుకుని, నడుం చుట్టూ వేపమండలు కట్టుకుని వేపచెట్టు పక్కన కాపు కాశాడు. పంకజాక్షి కూడా అంబలి తీసుకుని వచ్చి ఆడవాళ్ల మధ్య నిలబడింది. అప్పుడు కనిపించాడు దొంగ. పంచె కొంగులో గుండ్రటి మూటతో, గబగబా ఇటే వస్తున్నాడు.

"ఆగు. చట్టం చేతుల్లోంచి నువ్వు తప్పించుకోలేవు" అంటూ కుప్పుస్వామి ఎగిరి దూకాడు.

దూకిన చోట అంబలి ఒలికి ఉంది. వేపమండలు కాళ్లకు చుట్టుకున్నాయి. మూటవాణ్ణి దాటుకుని, అంబలి కుండ మీదపడి, ఆసరాకు చేతికందిన అమ్మవారిని పట్టుకుని, ఆమెతో సహా దొర్లుకుంటూ పోయి కాలవ గట్టున ఆగాడు. మూటలోంచి దిష్టి తీసే గుమ్మడికాయ బయటపడింది. ఆడవాళ్లు లెంపలు వేసుకున్నారు.

కుండెడు అంబలికి పసుపూ కుంకుమా కొట్టుకుపోయాయి. వెండి కళ్లు ఊడిపోయాయి. తలకిందులైన అమ్మ అడుగుభాగం అద్దంలా నున్నగా, ఎండిన పిండి చారలతో కనబడింది. పంకజాక్షి అంబలి గిన్నె కింద పెట్టి దగ్గరికి పోయింది. రాయిని నిలబెట్టి, పైన అరిగిన గుంటలో అరచెయ్యి ఆనించింది. చెయ్యి సరిగ్గా కుదిరింది.

"ఇది నా గుండు" అంది.

గుంపు వెనకనుంచి మునికృష్ణ నడుం పట్టుకుని ముందుకు వచ్చాడు. "నేనే తెచ్చి పెట్టినా పంకజా. పెట్టెలో నా పుస్తకాలకు సోటు ల్యాకపోయె. గుండు లేకుంటే రోలు గూడా నువ్వే తీసేస్తావని, లారీ పోయేదాకా ఈడ దాపెడదామనుకుంటి. నువ్వు రానంటివి. మల్ల తీసుకుందామని వచ్చి సూస్తే అమ్మవారై కూసోనుండాది."

"నాకు మొదట్నించి అనుమానమే" అన్నాడు కుప్పుస్వామి కాలవ గట్టు మీంచి లేస్తూ. "నేను పడింది కాలుజారి కాదు, పథకం ప్రకారం."

అతని మాట ఎవరికీ పట్టలేదు. యశోదమ్మ పంకజాక్షికి అడ్డంగా నిలబడింది. "మొక్కినాక అది గుండెట్లవుతాది మే? వీధంతా అంబలి పోసిన తల్లి. ఈడ్నించి కదిలించేదానికి ల్యా."

"అక్కా, నాది నాకియ్యి" అంది పంకజాక్షి. ఇన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. రాయిని ఒళ్లోకి లాక్కుని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆడవాళ్లు జాలిపడ్డారు గానీ దారి మాత్రం ఇవ్వలేదు.

కుప్పుస్వామికి ఒళ్లంతా దురద మొదలైంది. స్నానానికి పోదామంటే ఈ గొడవ తెమిలేట్టు లేదు. "ఎట్లాగూ జాతర అయిపోయిందని అమ్మను సాగనంపేస్తారు గదా, ఇంగ కొట్లాట దేనికక్కా? యాడికి సాగనంపుతారు?" అన్నాడు చిరాగ్గా.

"పొలిమేర అవతలికి" అంది యశోదమ్మ. అని ఆగిపోయింది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొలిమేర అవతల అంటే అవతల ఎంత దూరం అన్నది పెద్దవాళ్లెవరూ చెప్పిపోలేదు.

యశోదమ్మ మాస్టరు వైపు తిరిగింది. "ఏమప్పా, జాంబియా మన పొలిమేరకు ఇవతలా, అవతలా?"

"అవతలే అక్కా. బాగా అవతల" అన్నాడు మునికృష్ణ ఆత్రంగా.

తీర్పు అయిపోయింది. అమ్మ ఓడెక్కి పోవచ్చు. అయితే రెండు షరతులు. అమ్మకు పీఠం కావాలి గనక రోలు కూడా పోవాలి. అమ్మతో పిండి మాత్రం రుబ్బకూడదు.

ఆ సాయంత్రం ఇంటింటినుంచీ అమ్మకు సారె వచ్చింది. పసుపు, కుంకుమ, రవిక గుడ్డలు, ఎండు వేపాకు, దారిలో అమ్మకు ఆకలేస్తుందని రాగిపిండి. అన్నిటినీ పెట్టెలో సర్దితే టేబుల్ ఫ్యానుకు కూడా చోటు మిగల్లేదు. మునికృష్ణ కిక్కురుమనకుండా దాన్ని తనే అటక మీద పెట్టి వచ్చాడు.

కుప్పుస్వామి స్నానం చేసి, తాళ్లు విప్పుకుంటూ పెట్టె దగ్గర కూర్చున్నాడు. ఇంత పెద్ద కేసు తేల్చినవాణ్ణి మళ్లీ పెట్టె కట్టమన్నారని మనసులో కష్టంగానే ఉంది. అంతకంటే, తర్కానికి అందని సంగతి ఒకటి అతన్ని పీకుతోంది.

"పంకజా, రుబ్బేదానికి లేదని తెలిసి గూడా అంత బరువు అంత దూరం ఎందుకుమ్మా?"

పంకజాక్షి బీరువా తెరిచి చీరలు తీస్తోంది. "రుబ్బేదానికా అన్నా నేనేడ్సింది? పిండి సంగతి ఆయన సూసుకుంటాడులే. కొత్త ఊళ్లో పొద్దన్నే లేస్తే, నన్నెరిగినోళ్లు ఇంట్లో ఒకరుండాల గదా."

మునికృష్ణ తల వంచుకున్నాడు. కుప్పుస్వామి తాళ్లు పక్కన పెట్టాడు. చెల్లెలు అందిస్తున్న చీరలు ఒక్కొక్కటే తీసుకుని, ఓడ ఊగినా అమ్మకు దెబ్బ తగలకుండా చుట్టూ మెత్తగా కుక్కసాగాడు.