ఏనుగులు ముట్టని పంట

చేలో ఏనుగులు పడటం మహా అదృష్టం! నవ్వకండి. మీకు ఏనుగు కనబడాలంటే ఊళ్లోకి సర్కస్ రావాలి. మా లువాంగ్వా లోయలో కబురైనా పెట్టక్కర్లేదు.

పైగా నా ఇంటిపేరు న్జోవు. మా భాషలో ఏనుగనే అర్థం. మొక్కజొన్నలో అలికిడి కాగానే మా ఆవిడ జెలిపా, "ఏమయ్యా, మీవాళ్లొచ్చారు, లేచి మర్యాదలు చూడు!" అంటుంది. ఇంత బంధుబలం మీలో ఎంతమందికుంది?

ఒకప్పుడు మేం ఉచ్చులు పన్నేవాళ్లం, నాటు తుపాకులు పేల్చేవాళ్లం. అప్పుడు మిరప సాస్ చేసే కంపెనీ ఒకటి వచ్చింది. తుపాకులిచ్చేసి అడవిని కాపాడండి, చేను చుట్టూ మిరప వేయండి, ఏనుగుకు ఘాటు పడదు, కాయలు మేమే మంచి ధరకు కొంటాం అంది. అడవికి లాభం, ఏనుగుకు లాభం, మాకూ లాభం!

ఏనుగు పేడలో మిరపపొడి కలిపి ఇటుకలు చేసి కాలిస్తే, ఆ పొగకు ఏనుగు పారిపోతుందట. మరి పేడ కావాలంటే? ఏనుగు రావాలి! ఓసారి అవి చాలాకాలం రాకపోయేసరికి నేను బెంగపెట్టుకుని పక్కూరికి పేడ అడుక్కోవడానికి వెళ్లాను.

ఈసారి కోతల ముందు, మా మిరప కంచెను చూడటానికి రాజధాని నుంచి అతిథులు బయల్దేరారు. కంపెనీ ఆఫీసర్ మడలిట్సో పరుగున వచ్చాడు.

"బాబాయ్, జీపు లోపలిదాకా రావాలి. ఇక్కడ కాసిని మొక్కలు పీకెయ్."

"ఆ సందులోంచి ఏనుగులొస్తేనో?" అంది జెలిపా.

"అది జీపుదారి పిన్నీ! బోర్డు పెట్టిస్తాగా!"

అతిథులొచ్చారు, ఫొటోలు దిగారు, వెళ్లారు. వెనకే ఏనుగులొచ్చాయి. ఎంత సంస్కారం! ఒక్క మిరప మొక్కనైనా తొక్కలేదు. బారులు తీరి జీపుదారినే వచ్చి, మా ఏడాది తిండి మొత్తం తినేసి, అదే దారిన వెళ్లాయి. మేం డబ్బాలు వాయించాం. విందులో మేళమనుకున్నాయి కాబోలు.

మిరప అమ్మి మొక్కజొన్న కొనుక్కోవచ్చు కదా అంటారా? చుట్టుపక్కలంతా మిరపే వేశారు. ఇక మొక్కజొన్న అమ్మేదెవరు? నాకు ఏడుపొచ్చింది.

మడలిట్సో మాత్రం చేను చుట్టూ తిరిగి పొంగిపోయాడు.

"చూశావా బాబాయ్! ఒక్క మిరపకాయ పోలేదు. మన పథకం సూపర్ సక్సెస్!"

బహుమతిగా కంపెనీ మిరప సాస్ సీసా నా చేతిలో పెట్టాడు. లేబుల్ మీద ఏనుగు నవ్వుతోంది. బాగా ఒళ్లు చేసింది కూడా.

మా దగ్గర న్షిమా, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, కడుపులో పడకపోతే ఎన్ని తిన్నా భోజనం చేయనట్టే. తక్కినవన్నీ దాంట్లోకి నంజుకునేవే. జెలిపా సీసా మూత తీసి వాసన చూసింది. ఖాళీ పళ్లెం తెచ్చి మడలిట్సో ముందు పెట్టి, అందులో కాస్త సాస్ వేసింది.

"నంజుకోవడానికి భలేగా ఉంది నాయనా," అంది. "మరి ముద్దెప్పుడు పంపిస్తారు?"