రెండో శనివారం నాయనమ్మ

రెండు వేల ఆరో సంవత్సరం జూలై నెలలో అనకాపల్లి పట్టణంలో ఒక నాయనమ్మకు తన సొంత మనవరాలిని చూసే హక్కు చట్టబద్ధంగా సంక్రమించింది. ఆమె పేరు అప్పాయమ్మ. ముప్పై ఏళ్లు ప్రభుత్వ నర్సుగా పనిచేసి రిటైరయింది. పట్టణంలో సగం మంది పిల్లల్ని వాళ్ల తల్లుల కంటే ముందు చూసింది ఆమే. అప్పట్లో చూడ్డానికి ఎవరి అనుమతీ తీసుకోలేదు. చట్టం తెలియని రోజులు.

తగువు మిక్సీ దగ్గర మొదలైంది. కొడుకు జాన్ బాబు కొన్న మిక్సీని కోడలు కృపాజ్యోతి కాల్చేసిందని అప్పాయమ్మ వాదన. నీళ్లు పోయకుండా పప్పు రుబ్బమన్నది అత్తగారేనని కోడలి వాదన. మిక్సీ నిజం చెప్పే స్థితిలో లేదు. వారం తిరిగేసరికి కృపాజ్యోతి ఐదేళ్ల కూతురు రోజలిన్‌ని తీసుకుని గవరపాలెంలోని పుట్టింటికి వెళ్లిపోయింది. రెండిళ్లకూ మధ్య నాలుగు వీధులు. మామూలుగా నడిస్తే పది నిమిషాల దారి. పౌరుషంతో నడవాల్సి రావడం వల్ల జాన్ బాబుకి ఎనిమిది నెలలైనా చేరడం కుదరలేదు.

అప్పాయమ్మ మాత్రం ఒకసారి జంతికలు పట్టుకుని ఆ గేటు దాకా వెళ్లింది. వియ్యంకుడు ఇమ్మాన్యుయేల్ గేటుకి అడ్డంగా నిలబడి, "పాప చదువుకుంటంది చెల్లెమ్మగారూ, మళ్లీ కబురు పెడతాం" అన్నాడు. లోపల పాప చదువుకోవడం లేదు, పాట పాడుకుంటోంది. ఆ గొంతు వింటూ అప్పాయమ్మ గేటు దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత జంతికల డబ్బాతో సహా తిన్నగా లాయరు వెంకటరమణ గారి ఇంటికి నడిచింది.

వెంకటరమణ గారు కోర్టులో చేసిన ప్రసంగాన్ని లాయర్లు కూర్చునే బార్ రూములో ఇప్పటికీ చెప్పుకుంటారు. "యువరానర్, ఈ దేశంలో ఖైదీని చూసుకునే అవకాశం బంధువులకు ఉంది. నా క్లయింటు మనవరాలు ఏ నేరమూ చెయ్యలేదు. అదే నా క్లయింటుకు అడ్డంకి అయింది." జడ్జిగారు కళ్లజోడు తుడుచుకుని, ప్రతి రెండో, నాలుగో శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు, ఇరుపక్షాలకూ చెందని స్థలంలో చూసుకోవచ్చునని ఉత్తర్వు ఇచ్చారు. పాపను గుమ్మం దగ్గర అప్పగించాలి. పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడుకోరాదు.

ఇరుపక్షాలకూ చెందని స్థలం దొరకడం అంత సులువు కాదు. చర్చి అన్నారు. పాస్టరుగారు అబ్బాయి తరపు చుట్టమని తేలింది. పార్కు అన్నారు. దాని గేటు అమ్మాయి ఇంటి వైపు తెరుచుకుంటుంది. చివరికి శాఖా గ్రంథాలయంలోని పిల్లల విభాగానికి ఉభయులూ ఒప్పుకున్నారు. రెండు కుటుంబాల్లో ఎవరూ ఎన్నడూ అందులో అడుగుపెట్టలేదు గనుక దాని నిష్పాక్షికతను ఎవరూ శంకించలేకపోయారు. ఇక తినుబండారాలు "తగు పరిమాణంలో" పెట్టవచ్చునన్న మాట మీద అవతలి లాయరు అభ్యంతరం మెమో వేశాడు. ముప్పై ఏళ్లు పసిపిల్లలకు మందులు కొలిచి పోసిన మనిషికి మాడుగుల హల్వా ఎంత ముక్క పెట్టాలో నిర్ణయించడానికి రెండు వాయిదాలు పట్టాయి.

ఉత్తర్వు ప్రకారం వచ్చిన మొదటి శనివారం అప్పాయమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని మూడున్నరకే వెళ్లి కూర్చుంది. నాలుగింటికి కృపాజ్యోతి పాపను గుమ్మంలో వదిలి బయట మెట్ల మీదికి వెళ్లిపోయింది. ఈ ఎనిమిది నెలల్లో పాపకి ముందు పన్ను ఊడింది. ఆ సంగతి నాయనమ్మకు ఎవరూ చెప్పలేదు.

పాప దూరంగా నిలబడి పరీక్షగా చూసి, "నువ్వు కోర్టు నాయనమ్మవా?" అంది.

"నానేనమ్మా. కోర్టు కంటే ముందు నుంచే ఉన్నాను."

లైబ్రేరియన్ సత్తియ్య దగ్గి, గోడ మీది 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు చూపించాడు. దాంతో ఇద్దరూ గుసగుసల్లోకి దిగారు. గుసగుస వినపడాలంటే దగ్గరికి రావాలి. ఇంకా బాగా వినపడాలంటే ఒళ్లో కూర్చోవాలి. ఆరింటికి సత్తియ్య రిజిస్టర్లో సంతకం పెట్టమనేసరికి పాప నాయనమ్మ ఒళ్లోనే ఉంది.

ఆగస్టు రెండో శనివారం వాన దంచికొట్టింది. కృపాజ్యోతి మెట్ల మీద చీర కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. అప్పాయమ్మ కిటికీలోంచి చూసి చూసి గుమ్మం దాకా వచ్చింది.

"లోపలికి రా. తడిసిపోతన్నావు."

"మాట్లాడకూడదని ఆర్డర్లో ఉంది అత్తయ్యా."

"వానొత్తాదని ఆర్డర్లో ఉందేటి?"

కోడలు లోపలికొచ్చింది. తల్లి కోసం గొడుగు పట్టుకుని వచ్చిన జాన్ బాబు కూడా లోపలికొచ్చాడు. పసిపిల్లల కోసం చేసిన చిన్న బల్లల మీద ముగ్గురూ మోకాళ్లు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. కాసేపటికి మిక్సీ ప్రస్తావన రానే వచ్చింది. అత్తా కోడలూ ఒకేసారి గొంతు లేపారు. సత్తియ్య ఒక్కసారి దగ్గాడు. గుసగుసగా పోట్లాడడం ఎంత కష్టమో ఆ ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆ నిశ్శబ్దంలో జాన్ బాబు నోరు విప్పాడు.

"మిక్సీ వైరు నేనే మార్చేను. తప్పుగా కలిపేను. అందుకే కాలింది."

"ఇన్నాళ్లూ సెప్పలేదేటిరా?" అంది తల్లి, నోరు కదిలీ కదలకుండా.

"సెప్పేను. మీ ఇద్దరి అరుపుల్లో వినపళ్లేదు."

కృపాజ్యోతి కాసేపు బొమ్మల పుస్తకం వైపు చూసి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వారంలోగా ఆమె, పాప ఇంటికి వచ్చేశారు. ఇద్దరు లాయర్లూ ఆనందం వెలిబుచ్చారు, కాస్త నీరసంగానే.

కథ ఇక్కడితో ముగించవచ్చు. కానీ నవంబరులో ఒక సాయంత్రం, కేసు మూసేయమని మెమో రాయిస్తున్న వెంకటరమణ గారి దగ్గరికి అప్పాయమ్మ వచ్చింది.

"ఆ ఆర్డరు తీయించకండి బాబూ."

"పాప మీ ఇంట్లోనే ఉంది కదమ్మా."

"ఉంది. కోర్టు చెప్పినప్పుడు రెండు గంటలు దొరికేది. ఇంట్లో దొరకట్లేదు."

లాయరుగారికి ఆశ్చర్యం కలగలేదు. మనవలు ఒకే కప్పు కింద ఉండగా వాళ్లను చూసే హక్కు ఇప్పించమని వచ్చిన పెద్దలు అప్పటికే ఐదుగురు అరుగు మీద కూర్చుని ఉన్నారు. తుమ్మపాల నుంచి కాసులమ్మ అనే ఆవిడ భోజనం డబ్బాతో సహా వచ్చింది. ప్రతివాదులెవరో లేకుండా కేసు నిలవదని ఆయన అందరికీ ఓపిగ్గా చెబుతున్నారు.

"ప్రతివాదుల పేర్లు రాయండి" అంది అప్పాయమ్మ. "స్కూలు వ్యాను. ట్యూషను మేడమ్. శనివారం అబాకసు లెక్కల క్లాసు. ఆదివారం డ్రాయింగు."

గుమాస్తా నానాజీ వరసగా రాసుకున్నాడు. అప్పాయమ్మ ఆ కాగితం మీదికి వంగింది.

"నా పేరు కూడా రాయి బాబూ."

"మీరు పిటిషనరు కదమ్మా."

"రాయి. రోజూ ఏడున్నరకి ఆ పిల్ల బొమ్మల పుస్తకం పట్టుకుని నా పక్కనొచ్చి కూకుంటాది. నాను టీవీలో సీరియలు సూత్తూ, కాసేపు ఆగమ్మా అంటాను."

అరుగు మీది ఒక తాత టైమెంతయిందని అడిగాడు. ఏడూ పది అని నానాజీ చెప్పాడు. అందరూ ఒక్కసారే లేచి, చెప్పులు వేసుకుని గబగబా ఇళ్ల దారి పట్టారు.

మనవల కోసమే వెళ్లారని లాయరుగారి నమ్మకం.