మామగారి కారులో మోత

ఆదివారం పొద్దున్నే అల్లుడు ఒక ఘనకార్యానికి నడుం కట్టాడు. బస్సులో ఊరికి వెళ్లిన అత్తామామలు మధ్యాహ్నానికి తిరిగొస్తారు. ఈలోగా మామగారి కారు డిక్కీలో, పాటకు ధబ్‌ధబ్‌మని మోత తెప్పించే సబ్‌వూఫరు బిగించి ఆయన్ని ఆశ్చర్యపరచాలి. ఈమధ్యే అదే కారుతో గేటును గుద్దేసి, ఆయన దృష్టిలో బొత్తిగా పనికిరానివాడైపోయాడు పాపం. పోయిన పరువు ఎలాగైనా రాబట్టుకోవాలి. "ఈ కారులో పాట దోమ పాడినట్టుంటుందయ్యా" అని మామగారే ఎన్నోసార్లు వాపోయారు కదా!

కొట్టువాడు బిగింపు కూలి చెప్పగానే అల్లుడిలోని ఇంజినీరు నిద్రలేచాడు. నిజానికి అతను బీమా ఆఫీసులో గుమాస్తా. పాత సబ్‌వూఫరు పెట్టె, దానికి బలమిచ్చే యాంప్లిఫయరు చౌకలో కొని తనే బిగించడం మొదలుపెట్టాడు. యాంప్లిఫయరును మేల్కొలిపే సన్నవైరును ముందున్న స్టీరియో దాకా లాగాలి. తీరా చూస్తే తెచ్చిన వైరు వెనకసీటు దగ్గరే అయిపోయింది. మళ్లీ కొనడం దండగనుకుని, డిక్కీలోనే కరెంటున్న వైరు కోసం వెతికాడు.

"ఇదిగో, స్టీరియో పెట్టి కాసేపు ఇక్కడ కూర్చో" అని భార్యను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ అసలే భయస్థురాలు. ఆగివున్న కారులో కూడా బ్రేకు మీంచి కాలు తీయదు. వెనకలైటు వైరుకు టెస్టరు పెట్టగానే వెలిగింది. అల్లుడు దానికే ముడేశాడు. కారంతా దద్దరిల్లింది.

"చాలండీ, గుండె అదురుతోంది!"

"అదురుతోందా? అయితే బాగా కుదిరినట్టే!"

మధ్యాహ్నం ఊరి నుంచి రాగానే అందరినీ షికారుకి ఎక్కించుకుని మామగారు స్టీరింగు పట్టారు. బ్రేకు తొక్కడం నామోషీ అనుకునే మనిషాయన. "పాట పెట్టండి మామయ్యగారూ" అన్నాడు అల్లుడు ఉత్సాహంగా. పాత దోమే పాడింది. అతని ముఖం వాడిపోయింది. ఇంతలో మలుపులో బస్సు అడ్డొచ్చింది. మామగారు బ్రేకు తొక్కారు. ధబ్! ధబ్!

"టైరు పేలిందండీ!" అని అత్తగారు కేకపెట్టారు. మామగారు కంగారుగా దిగి చూశారు. టైర్లు నిక్షేపంగా ఉన్నాయి, మోతా ఆగిపోయింది. కదిలి, తర్వాతి మలుపులో నెమ్మదించగానే మళ్లీ అదే గోల. గేటు సంగతి ఇంకా మర్చిపోని మామగారికి నిజం చెప్పే ధైర్యం లేక, "రోడ్డు బాగోలేదేమోనండీ" అని నసిగాడు అల్లుడు.

కారును దారిలోని షెడ్డుకు తీసుకెళ్లారు. పాట మోగుతుండగానే మెకానిక్ బ్రేకు తొక్కి చూసి, అదిరిపడి కిందికి దూకాడు. "కిందంతా విప్పాల్సిందే సార్!"

"విప్పేదేంటి? తుక్కుకి అమ్మేస్తా!" అన్నారు మామగారు.

ఇక తప్పలేదు. "మామయ్యగారూ, పాడైంది కారు కాదండీ. నేనే పాడుచేశాను" అని జరిగినదంతా కక్కేశాడు.

"అయ్యో, అప్పుడు నా కాలు బ్రేకు మీదే ఉందండీ!" అని భార్య నాలిక్కరుచుకుంది. "అది బ్రేకులైటు వైరు సార్, బ్రేకు తొక్కితేనే కరెంటొస్తుంది!" అని మెకానిక్ నవ్వుతూ వైరు కత్తిరించబోయాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అత్తగారు అడ్డుపడ్డారు. "నెమ్మది, నెమ్మది అని పెళ్లయినప్పట్నుంచీ మొత్తుకుంటున్నాను. ఉండనీ, ఇకనైనా బ్రేకు తొక్కుతారు!"

తిరుగుదారిలో మామగారు బ్రేకు మీద బ్రేకు తొక్కుతూ, తాళం వేసుకుంటూ, నత్తనడకన నడిపారు. "భలే మోతయ్యా అల్లుడూ!" అని భుజం తట్టారు. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

కొన్నాళ్లకే బ్రేకులు అరిగిపోతే, మార్చే పని మామగారు నిండు నమ్మకంతో అల్లుడికే అప్పగించారు. ఆ రోజు నుంచి అత్తగారు ఎక్కడికైనా నడిచే వెళ్తున్నారు.