మూరెడు వైరు మాహాత్మ్యం

మహాజనులారా! మనిషికి కావలసింది ఇల్లంతా గాలిలో తేలే ఇంటర్నెట్ కాదు. మూరెడు వైరులోంచి మూలుగుతూ ముక్కుతూ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి పాకే ఇంటర్నెట్! ఈ మాట అన్నందుకు నన్ను పాతకాలపు మనిషి కింద జమకడితే కట్టండి. నాలుగు వారాలుగా అనుభవిస్తున్నవాణ్ని, నాకంటే మీకెక్కువ తెలుసా?

సంగతి మొదటి నుంచీ చెబుతాను. మా ఆవిడది మొక్కలు పెంచే వృత్తి. పెరట్లో రేకుల షెడ్డు, దాని నిండా కుండీలు. వాటన్నిటిలో ఆవిడకు ప్రాణం ఒక గులాబీ చెట్టు. వయసు ఇరవై రెండేళ్లు. దాని పువ్వు పొద్దున లేత పసుపుగా విచ్చుకుని సాయంత్రానికి ఇటుక రంగుకు తిరుగుతుంది. అలాంటిది ఇంకెక్కడా ఆవిడకు దొరకలేదు. ఇప్పుడా చెట్టు మొదలుకు పుండు పట్టింది. ఇంకో వేసవి చూడదని ఆవిడే తేల్చేసింది. అందుకని బతికున్న రెమ్మల నుంచి నలభై ముక్కలు కోసి ఇసుక ట్రేలో నాటింది. వేళ్లు పుట్టేదాకా వాటి ఆకుల మీద తడి ఆరకూడదు. పగలంతా పది నిమిషాలకోసారి సన్నటి తుంపర పడుతూనే ఉండాలి. ఈ నలభైలో కొన్నయినా బతికితేనే ఆ పువ్వు బతికినట్టు.

పోయిన ఏడాది కూడా ఇలాగే నాటింది. రెండు రోజులు వేరే ఊరు వెళ్లాల్సి వచ్చి, తుంపర కొట్టే పని నాకు అప్పగించింది. నేనేమో ఆ రెండు రోజులూ ముక్కూమొహం తెలియని ఒకాయనతో ఇంటర్నెట్‌లో వాదిస్తూ కూర్చున్నాను. దోమ ఎప్పుడూ ఎడమ చెవి దగ్గరే ఎందుకు పాడుతుందన్నది వాదం. నేనే గెలిచాను. కొమ్మలన్నీ మాడిపోయాయి.

ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇసుక పారబోసి, ట్రే కడిగి, గోడకు బోర్లించింది. ఈ ఏడు నా బదులు ఒక బోర్డును పెట్టుకుంది.

బోర్డంటే బ్లాక్‌బోర్డు కాదండోయ్! పేకముక్కంత ఉంటుంది. అదీ ఒక కంప్యూటరేనట. తెర లేదు, కీబోర్డు లేదు, ఉన్నదల్లా నాలుగు కన్నాలు, ఒక మిణుకుమిణుకుమనే లైటు. తుంపర పంపును ఎప్పుడు తిప్పాలో అదే చూసుకుంటుంది. దీన్ని తెచ్చి పెట్టింది మా బావమరిది. ఆఫీసుల్లో కంప్యూటర్లకు నెట్ సరిచేయడం అతని ఉద్యోగం. ఎవరే కష్టం చెప్పుకున్నా ముందు పింగ్ కొట్టి, అంటే అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో పిలిచి, చూడమంటాడు కనుక ఇంట్లో అతన్ని పింగు అంటాం. నాకు నడుం పట్టేసిందని చెప్పినా అలవాటుగా అదే మాట అన్నాడు.

ఈ బోర్డుకు ఒక్కటే లోపం. లోపల గడియారం నడవదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది ఎప్పటిదో ఒక జనవరి ఒకటో తారీఖు, అర్ధరాత్రి అనుకుని నిద్ర లేస్తుంది. అర్ధరాత్రి మొక్కలకు నీళ్లెందుకని చేతులు ముడుచుకు కూర్చుంటుంది. టైమెంతో, బయట ఎండెంతో ఇంటర్నెట్‌ను అడిగి తెలుసుకోవాలి. ఇంటర్నెట్ దానికి సొంతంగా లేదు. కాబట్టి నా కంప్యూటర్‌కు యూఎస్‌బీ వైరుతో తగిలించి, నాకొచ్చే నెట్‌లోంచే దానికీ కాస్త పెట్టమన్నాడు పింగు. కరెంటు కూడా ఆ వైరులోంచే. నా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కనుక ఇంట్లో కరెంటు పోతే రెండూ పోతాయి.

వైరు మూరెడు. బోర్డుకూ ట్రేకూ మధ్య తీగ జానెడు. దాంతో ఇసుక ట్రే, నీళ్ల తొట్టి, పంపు, నలభై గులాబీ కొమ్మలు, అన్నీ నా రాత గదిలోకి కాపురానికి వచ్చేశాయి.

ఇక లాభాలు చూడండి! రచయిత అన్నవాడు వాన గురించి రాయాలంటే మబ్బు పట్టేదాకా ఆగాలి. నాకా కర్మ లేదు. పది నిమిషాలకోసారి నా నెత్తిన కురుస్తుంది. కళ్లద్దాలు మసకబారుతాయి, కాగితాలు అప్పడాలు ఎండబెట్టినట్టు కిటికీ కమ్మీల మీదికి ఎక్కుతాయి. టేబుల్ ల్యాంపుకు ఒక పాత గొడుగు కట్టుకున్నాను. నా రాతల్లో తడి లేదని ఇన్నేళ్లుగా గొణుగుతున్న విమర్శకులను ఒక్కసారి మా ఇంటికి రమ్మనండి!

క్రమశిక్షణ మాటేమిటంటారా? నాకో దురలవాటు ఉండేది. వాక్యం బాగా కుదిరిందనిపిస్తే చాలు, లాప్‌టాప్ మూత టప్పున మూసి కాఫీకి లేచేవాణ్ని. మూత మూస్తే కంప్యూటర్ నిద్రపోతుంది. అది నిద్రపోతే బోర్డుకు నెట్టూ లేదు, కరెంటూ లేదు. మొదటి రోజే మూడుసార్లు మూశాను. నాలుగోసారికి మూత మీద 'మూయవద్దు' అని ఆవిడ చేతిరాతతో చీటీ వెలిసింది. అప్పటి నుంచి మూత తెరిచే ఉంటుంది, అది కునుకు తీయకుండా నేను మౌసు కదుపుతూ కూర్చునే ఉంటాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాలని మా ఎడిటర్ పదేళ్లు అవస్థ పడ్డాడు. మూరెడు వైరు మూడు రోజుల్లో సాధించింది!

పంచుకోవడం ఎంత కష్టమో కూడా ఈ వైరే నేర్పింది. ఊరికే తగిలిస్తే నెట్ వెళ్లిపోతుందనుకుంటున్నారా? ఎంత అమాయకులు! పంచుకుంటానని ముందు నా కంప్యూటర్ ఒప్పుకోవాలి. ఆ తర్వాత నా కీబోర్డు మీంచే బోర్డుకు నాలుగు లైన్లు టైప్ చేసి చెప్పాలి. నాయనా, బయటికి వెళ్లే దారి ఇటు, ఏదైనా తెలియకపోతే అడగాల్సిన చోటు ఇది, అని. ఇంత చెప్పినా కరెంటు పోయి వస్తే అంతా మరిచిపోతుంది. చుట్టపుచూపుగా వచ్చినాయనకు బాత్రూం ఎటో చూపించినట్టు మళ్లీ మొదటి నుంచి చెప్పుకురావాలి.

రెండో వారం ఇంకో విచిత్రం జరిగింది. వైరు తగిలి ఉంది కదాని, ఇంటర్నెట్ అందులోంచే వస్తుందనుకుంది నా కంప్యూటర్. బోర్డు దీన్ని అడుగుతుంది, ఇది బోర్డును అడుగుతుంది. నువ్వివ్వమంటే నువ్వివ్వమని. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు! పింగు వచ్చి విడదీసేదాకా ఇంట్లో ఎవరికీ నెట్ రాలేదు.

ఇన్ని లాభాల మధ్య ఒక్క ప్రమాదం కూడా జరిగింది, దాచను. పోయిన మంగళవారం మిట్టమధ్యాహ్నం తెర మీద ఏదో తెరుచుకుని, అప్‌డేట్ చేయమంటారా అని అడిగింది. మర్యాదగా అడిగితే నేను కాదనలేను. సరేనన్నాను. కంప్యూటర్ పడుకుని లేచింది. లేచాక బోర్డుకు నెట్ పెట్టడం మానేసింది. నేను గమనించుకోలేదు, రాసుకుంటున్నాను. ఏదో తేడాగా ఉంది గాని ఏమిటో అంతుపట్టలేదు. చాలాసేపటికి వెలిగింది. కళ్లద్దాలు పొడిగా ఉన్నాయి!

ట్రే వైపు చూశాను. ఆకుల అంచులు ముడుచుకుంటున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇస్త్రీ బట్టల మీద చల్లే నీళ్ల సీసా పరుగున తెచ్చి ఒక చేత్తో తుంపర కొడుతున్నాను, రెండో చేత్తో ఆ నాలుగు లైన్లూ టైప్ చేస్తున్నాను. ఒంటి చేత్తో అంకెలు సరిగ్గా పడతాయా? తప్పు పడ్డ ప్రతిసారీ నువ్వెవరో నాకు తెలియదంటుంది బోర్డు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ట్రే చూసింది. నా చేతిలో సీసా చూసింది. ఈసారి కూడా ట్రే కడిగి బోర్లిస్తుందని అనుకున్నాను. నిజంగా భయమేసింది.

ఆవిడ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. కీబోర్డు తన వైపు తిప్పుకుంది.

"మీరు ఆపకండి, కొడుతూనే ఉండండి. అంకెలు చదివి చెప్పండి, నేను టైప్ చేస్తాను," అంది.

చదివాను. మూడుసార్లు తప్పాం. నాలుగోసారికి పంపు బుర్రుమని తిరిగి ఇద్దరి మొహాల మీదా చిమ్మింది. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ రోజు నుంచి మాకిద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. మొదటి రెండు లైన్లు ఆవిడకు నోటికొచ్చాయి, చివరి రెండు నాకు. కరెంటు పోయి వచ్చిందంటే ఇద్దరం పక్కపక్కన కూర్చోవలసిందే, లేకపోతే బోర్డుకు లోకం తెలియదు. ఆవిడ గంటకోసారి వస్తుంది. ఆకులు చూస్తుంది. నేను రాసింది కూడా ఓ కన్నేసి, ఈ పేరా బాగాలేదని చెప్పి వెళ్తుంది. శనివారం నాడు ఒక్కొక్క కొమ్మనూ రెండు వేళ్లతో మెల్లగా లాగి చూసింది. పదకొండు కొమ్మలు ఇసుకను వదలలేదు. వాటికి వేళ్లు వచ్చినట్టే. మిగతావాటికి ఇంకో రెండు వారాలు తుంపర కావాలంది.

ఆదివారం పింగు దిగాడు. బొటనవేలంత ముక్క ఒకటి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"బావగారూ, ఇది బోర్డుకు గుచ్చితే వైఫై పట్టుకుంటుంది. ఇక వైరుతో పనిలేదు. సామానంతా షెడ్డులోకి మార్చేద్దాం, మీ గది మీకొచ్చేస్తుంది. సిగ్నల్ అక్కడిదాకా అందుతుందేమో ఒక్కసారి చూసి రండి," అన్నాడు.

నాలుగు వారాలుగా గొడుగు కింద కూర్చుని రాస్తున్న మనిషిని. ఎగిరి గంతెయ్యాలా వద్దా? ఫోన్ పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. నాలుగు మూలలా నిలబడి చూశాను. తిరిగొచ్చాను.

"మధ్యలో గోడలు అడ్డం. ఒక్క గీత కూడా రావడం లేదు," అన్నాను.

పింగు నమ్మలేదు. తనే వెళ్లి పింగ్ కొట్టి చూస్తానని లేచాడు. మా ఆవిడ ట్రే మీది నుంచి తలెత్తలేదు.

"అక్కడికి రాదులేరా, నాకు తెలుసు. ఇక్కడే ఉండనీ," అంది తమ్ముడితో.

పాఠకులారా, మీ దగ్గర దాపరికమెందుకు? షెడ్డులో సిగ్నల్ పుష్కలంగా ఉంది. గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

నా గొడవ వైరుతో కాదు. దానికి ముందు గడిచిన ఏడాదితో. ఆ ఏడాదంతా ఇల్లంతా వైఫై ఉంది, ఏ మూలన కూర్చున్నా నెట్ వచ్చేది. నేను నా గదిలో, ఆవిడ షెడ్డులో. కొమ్మలు ఎండిపోయిన నాటి నుంచి ఆవిడ నాకు ఒక్క పని చెప్పలేదు, కుళాయి కట్టేయమని కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. తప్పైపోయిందని నేను అనాల్సింది. అనలేదు. వారానికో కాలమ్ చొప్పున లోకానికంతటికీ బుద్ధులు చెబుతూ కూర్చున్నాను.

ఆ మాట ఇప్పుడిక్కడ అంటున్నాను. అచ్చుకు పంపేముందు దీన్ని చదివేది ఆవిడే. సిగ్నల్ గురించి నేనాడిన అబద్ధం కూడా దీంతో బయటపడుతుందని ఇందాకటి దాకా బెంగగా ఉండింది.

ఇప్పుడే ఒక సంగతి తట్టింది. మా ఆవిడ రోజూ పొద్దున పదకొండింటికి ఆ షెడ్డులోనే కూర్చుని ఇంటి వైఫై మీదే వాళ్ల చెల్లెలితో వీడియో కాల్ మాట్లాడుతుంది. గంటసేపు మాట్లాడుతుంది. ఇన్నేళ్లలో అది ఒక్కసారైనా కట్ కాలేదు.